బాజా మోగని రెండు నెలలు

నా మంచం మీద రెండు దిండ్లు పేర్చి, వాటి మీద ల్యాప్‌టాప్ పెట్టి, మా అన్నను చూపించారు. మా అన్నను అంటే మా అన్న వేషం కట్టిన పిల్లవాణ్ణి. అసలువాడికన్నా అందగాడే. జుట్టు భుజాల దాకా, చేతికి ఇనుప కడియాలు, కళ్ల కింద నలుపు. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ పక్క మా రెండు గదుల ఇంట్లో, కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, రెండు గంటలు చూశాం. చూపించింది కీర్తన అని సినిమా తీసిన పిల్ల. నా పక్కన కూర్చుని చూసింది మా అన్న కూతురు నీలిమ. కరెంటు ఆఫీసులో పనిచేస్తుంది. తండ్రి పోయేనాటికి దానికి మూడేళ్లు.

సినిమాలో పిల్లవాడు తాగుతాడు, పాడతాడు, గొంతు చించుకుంటాడు. పెళ్లాం పిల్లను తీసుకుని వెళ్లిపోతుంది. చివరికి ఇంటికి వస్తే తండ్రి చెంప పగలగొట్టి, "ఈ ఇంట్లో నీ గొంతు వినపడొద్దు" అని బయటికి నెడతాడు. వాడు తిన్నగా స్టేజీ ఎక్కి, సీసా పగలగొట్టి, రక్తం మైకు మీద పడేదాకా అరిచి, అరిచి, అక్కడే కూలిపోతాడు. తండ్రి చంపాడన్నట్టే ఉంది. చూసినవాళ్లంతా అట్లాగే అనుకుంటారు.

"అమ్మా, ఆఖరి రోజుల గురించి మాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. అక్కడంతా మేమే అల్లుకున్నాం," అంది కీర్తన. "ఇలా జరగలేదంటే చెప్పండి. మళ్లీ తీస్తాం. నాకింకా టైముంది. పర్వాలేదంటే ఈ కాగితం మీద మీరిద్దరూ సంతకం పెట్టండి."

మా బాపు ఎవరినీ కొట్టిన మనిషి కాదు. ఆ మాట చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. కానీ కొట్టలేదంటే మరి ఏం జరిగిందని అడుగుతారు. ఏం జరిగిందో చెప్పాలంటే ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి చెప్పాలి. బాపుకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు. చెబితే బాపు మీద నింద పోతుంది. వచ్చి నా మీద పడుతుంది, అదీ నీలిమ కళ్ల ముందు. "చాయ్ పెడ్త, ఉండుండ్రి," అని లేచి వంటింట్లోకి వెళ్లాను.

మా బాపుది పెళ్లిళ్ల బ్యాండు. హుస్సేనీ ఆలంలో పెద్ద రోడ్డుకు మూడు గల్లీల లోపల ఇల్లు. ముందు గది బ్యాండుది, వెనక రెండూ మావి. ముందు గదిలోకి అడుగు పెట్టగానే ఇత్తడి వాసన, ఎర్రకోట్లకు పట్టిన చెమట వాసన, దాని మీద కలరా ఉండల వాసన. పదకొండు మంది మనుషులు. బ్యాండు ఉన్నన్నాళ్లూ కోట్లు మా అమ్మే ఉతికేది, ఊడిన బంగారు రంగు దారాలు నేను కుట్టేదాన్ని. బాపు క్లారినెట్ వాయించేవాడు. పొద్దున లేచి ముఖం కడుక్కోకముందే క్లారినెట్ మూతికి కట్టే రెల్లు ముక్కను నాలుక మీద పెట్టుకుని నానబెట్టేవాడు. అది నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడేవాడు కాదు. అమ్మ ఏది అడిగినా కనుబొమలతోనే జవాబు. "మీ నాయినకు సగం సంసారం కనుబొమ్మల మీదనే నడుస్తది," అని అమ్మ నవ్వేది.

మా అన్న యాదగిరి పదేళ్లకే తోపుడు బండి మీద మైకు పట్టుకుని పాడేవాడు. బరాత్ ముందు నడిచే ఆ బండికి పైన గుమ్మడిపువ్వులాంటి స్పీకర్లు రెండు ఉండేవి. ఎంత గొంతో వాడిది! చార్మినార్ వైపు నుంచి వస్తుంటే ఇంట్లో నాకు వినపడేదని అంటే ఎవరూ నమ్మరు, కానీ నాకు వినపడేది. తర్వాత సికింద్రాబాద్ పిల్లలెవరో స్నేహమయ్యారు. గిటార్లు, ఇంగ్లీషు పాటల క్యాసెట్లు. హోటళ్లలో పాడే రాక్ బ్యాండులో చేరాడు. యాదగిరి పోయి గిరి అయ్యాడు. వాడికి ఇంగ్లీషు చదవడం రాదు. నాకూ రాదు, ఆరో తరగతితో ఆగిపోయినదాన్ని. అయినా క్యాసెట్ వేసి, ఆపి, మళ్లీ వేసి, చెవికి ఎట్లా వినపడితే అట్లా తెలుగు అక్షరాల్లో నోటుబుక్కులో రాసిచ్చేదాన్ని. అర్థం మాకిద్దరికీ తెలియదు. ఆ పాటల్లో ఏడుపుందని మాత్రం నాకు తెలిసేది. ఎక్కడెక్కడ ఏడవాలో అక్కడ గీత గీసేదాన్ని.

బాపు ఒక్కసారే వెళ్లి విన్నాడు. వచ్చి, "గవి పాటలానే? రాళ్ల లారీ దించుతున్నట్టుంది," అన్నాడు. నవ్వాం. కానీ బాపు నవ్వలేదు. అన్న గొంతు అప్పటికే ఒక చోట చిరగడం మొదలైంది. ఆ చిరుగు దగ్గరే జనం లేచి ఈలలు వేసేవాళ్లట. అది వాడు కనిపెట్టాడు. స్టేజీ ఎక్కే ముందు పచ్చిమిరపకాయలు నమిలి, మీద రమ్ము పోసుకునేవాడు. గొంతు ఎంత చిరిగితే అంత పేరు. ఒక మధ్యాహ్నం అన్నం దగ్గర బాపు అన్నాడు: "అరె, చీలిన రెల్లు ఒక్క దినం మస్తు పలుకుతది. మల్ల దినం పారేసుడే."

"ఒక్క దినం గట్ల పలికితే సాలు బాపూ," అన్నాడు అన్న. అమ్మ చెంబు పీట మీద టక్కున పెట్టి, "తినేటప్పుడు గవేం మాటలురా," అంది.

ఇంకొక్క సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా గల్లీలో సగం ఇళ్లు షియా ముసల్మానులవి. మొహర్రం నెలవంక కనపడితే వాళ్ల ఇళ్లలో దుఃఖం మొదలయ్యేది, నల్లబట్టలు కట్టేవాళ్లు. ఆ నెలవంక నుంచి, మొహర్రం పదో రోజు నుంచి లెక్కేసే నలభయ్యో రోజు తంతు అయ్యేదాకా దగ్గర దగ్గర రెండు నెలలు మా బాపు బాజా ముట్టేవాడు కాదు. మేం హిందువులం, మమ్మల్ని ఎవరూ ఆపలేదు. అది బాపు వాళ్ల నాన్న పెట్టుకున్న కట్టుబాటు. "పక్కింట్ల ఏడుస్తుంటే మనం బాజా కొడ్తమా?" అనేవాడు, అంతే. క్లారినెట్ పెట్టెకు తెల్లగుడ్డ చుట్టి అటక మీద పెట్టేవాడు. డోళ్ల తాళ్లు వదులు చేసేవాళ్లం. పాట లేదు, ఈల లేదు, టేపు రికార్డరు లేదు. అమ్మ పోపు కూడా మూత పెట్టి వేసేది, చిటపట బయటికి వినపడకుండా. ఆ నెలల్లోనే ఇత్తడి సామాను తోమేవాళ్లం, చింతపండు గుజ్జు, ఇటుకపొడి, పాతగుడ్డలు. వారం తిరిగేసరికి గుడ్డలన్నీ ఎర్రగా అయ్యేవి. పాడేవాళ్ల గొంతుకు ఇదే మంచి మందని మా ఇంట్లో గట్టి నమ్మకం. ఎవరి గొంతు బొంగురుపోయినా హకీం దగ్గరికి కూడా పోయేవాళ్లం కాదు. "మొహర్రం రానీ, అదే సాఫ్ అయితది," అనుకునేవాళ్లం. నిజంగానే అయ్యేది కూడా.

ఆ ఏడు నెలవంక కనపడిన మర్నాడు పొద్దున అన్న ఆటో దిగాడు. చేతిలో ఒక్క సంచి. హోటలువాళ్లు తీసేశారు. వదిన అంతకు ముందే పాపను తీసుకుని సికింద్రాబాద్‌లో పుట్టింటికి పోయింది. బాపు పెట్టెకు గుడ్డ చుడుతున్నాడు.

"వచ్చినవారా?"

అన్న తలూపాడు.

"నిన్ననే చాంద్ కనపడ్డది. ఎర్కనే గద. పాట లేదు, లొల్లి లేదు. ఉంటనంటే ఉండు."

అన్న నవ్వి, పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

ఆ రెండు నెలలు ఉన్నంత శాంతి మా ఇంట్లో ఎన్నడూ లేదు. అన్న తండ్రి పక్కన కూర్చుని బూరలు తోమేవాడు. పదేళ్లుగా కొడుకుతో మాట్లాడాలనుకున్నవన్నీ బాపు మాట్లాడాడు. ఏ ఇంటి పెళ్లిలో వాన పడింది, ఏ పెళ్లికొడుకు గుర్రం మీద నుంచి పడ్డాడు, రెల్లు ఎట్లా కోయాలి, తాను పోయాక బ్యాండు ఎట్లా నడపాలి. అన్న వింటూ తలూపేవాడు. ఎదురు చెప్పని కొడుకు దొరికాడు, బాపుకు ఇంకేం కావాలి? తాగుడు తగ్గింది. కారం మానేశాడు, పెరుగన్నం గంజిలా పిసికించుకుని తాగినట్టు తినేవాడు. "నా కొడుకు మారిండే మణీ," అని అమ్మ నా చెవిలో అంది. పక్కింటి జైనబ్ ఖాలా గోడ మీది నుంచి చూసి, "ఏమన్న అదబా, ఎంత మర్యాద! సలాం అంటే తలకాయ తోనే జవాబిస్తుండు. మా పోరగాండ్లు సూసి నేర్చుకోవాలె," అంది. ఆమె అట్లా అంటే బాపు ముఖం చూడాలి.

పాడొద్దన్నాడు కానీ మాట్లాడొద్దని బాపు ఎప్పుడూ అనలేదు. ఆ తేడా మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. వేరే ఏ ఇంట్లోనైనా కన్నకొడుకు నాలుగు రోజులు నోరు తెరవకపోతే నలుగురూ చుట్టూ చేరి అడుగుతారు. మేం మురిసిపోయాం.

మూడు వారాలైందేమో. మధ్యాహ్నం డాబా మీద ఎండిన కోట్లు తీస్తున్నాను. మా డాబాకు గల్లీ వైపు పిట్టగోడ కూలి, కట్టించడం పడక అట్లాగే ఉండేది. కోట్లు చేతినిండా పెట్టుకుని, దండెం మీది చివరి కోటు కోసం వెనక్కి వెనక్కి జరుగుతున్నాను. అన్న మెట్ల దగ్గర కూర్చుని బూర తోముతున్నాడు. ఎందుకో వాడి వైపు చూశాను. వాడు లేచి నిలబడి ఉన్నాడు. నోరు ఇంత పెద్దగా తెరిచాడు, మెడ నరాలు తాళ్లలా లేచాయి. అరుస్తున్నాడు. ఏమీ వినపడలేదు. ఒక్క గాలి చప్పుడు కూడా లేదు. నేను నవ్వాను, ఆటలాడుతున్నాడని. బూర విసిరేసి వాడు పరుగెత్తుకొచ్చి నా చేయి పట్టి లాగాడు. వెనక్కి తిరిగి చూస్తే నా మడమ అంచు మీద ఉంది, కింద గల్లీలో ఎవరిదో సైకిలు.

ఇద్దరం కింద కూర్చున్నాం. వాడు నా చెవికి నోరు ఆనించి మాట్లాడాడు. అది మాట కాదు, ఊపిరి. "గొంతు పోయింది చెల్లె. వచ్చేటప్పుడే లేదు."

"దవాఖానకు పోదాం పా."

"మందు ఇదే గదనే, సప్పుడు చేయకుండ ఉండుడే. తంతులైనంక అదే వస్తది. రాకుంటే అప్పుడు పోదాం." కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. "బాపును జూసినవా ఎంత ఖుషీగ ఉన్నడో. జన్మల చూడలే. గా రెండు నెలలన్న ఉండనీ. చెప్పకు, నా మీద ఒట్టు."

"పాపను జూడ పోలేదేందన్నా?"

"పోతె పాట అడుగుతది. పాట లేకుంటే పండుకోదు అది."

వాడి చేతిలో గుడ్డ ఎర్రగా ఉంది. ఇటుకపొడి ఎరుపు పొడిగా ఉంటుంది. ఇది తడిగా ఉంది. చూశాను. నాకప్పుడు పదిహేడేళ్లు, చిన్నపిల్లను కాను. చూసి, ఇటుకపొడే అనుకున్నాను. అనుకోవడం నాకు కావాలి. ఎందుకంటే నేనూ ఖుషీగానే ఉన్నాను.

ఆ తర్వాత రోజూ చాయ్ ఇచ్చేటప్పుడు కళ్లతో అడిగేదాన్ని. వాడు చెయ్యి అటూ ఇటూ తిప్పేవాడు, కొంచెం కొంచెం వస్తోందన్నట్టు. నేను నమ్మేదాన్ని. రాత్రుళ్లు వాడి వైపు తిరిగి పడుకుని, లోపల గొంతు నయమవుతూ ఉంటుందనుకునేదాన్ని, పెనం కింద నిప్పు సద్దు లేకుండా కాలుతున్నట్టు.

నలభయ్యో రోజు తంతులు అయిపోయాయి. మర్నాడు పొద్దున బ్యాండు మనుషులంతా వచ్చారు. బాపు అటక మీద నుంచి పెట్టె దించాడు, కొబ్బరికాయ కొట్టాడు. రెల్లు నానబెట్టి మూతికి కట్టి, అందరి వైపూ చూసి అన్నాడు: "ఈయేడు బోణీ పాట నా కొడుకు పాడ్తడు."

నేను వంటింటి గడప దగ్గర ఉన్నాను. అన్న నా వైపు చూశాడు. తర్వాత లేచి నిలబడి, గుండె నిండా గాలి పీల్చుకుని, నోరు తెరిచాడు. బాపు క్లారినెట్ మీద ఒక స్వరం పట్టుకుని వాడి కోసం ఆగాడు. ఆగాడు. డోలు కొట్టే నర్సింగ్ కాక నవ్వాడు, "ఏంది గిరీ, తాళం చెవి పారేసుకున్నవా?" ఇంకో ఇద్దరు నవ్వారు. బాపు ఊపిరి అయిపోయి ఆ స్వరం సన్నగా విరిగిపోయింది. అన్న నోరు అట్లాగే తెరిచి ఉంది.

పెద్ద దవాఖానలో డాక్టరు గొంతులోకి లైటు వేసి చూసి, అద్దాలు తీసి, "లోపల గడ్డ ముదిరింది. ఇన్ని దినాలు ఏం జేసిండ్రు? రెండు నెలల ముందల తెచ్చినా ఏదో ఒకటి చూసేటోళ్లం," అన్నాడు. బాపు మెల్లిగా, "సప్పుడు చేయకుండ ఉంటే నయమైతదనుకున్నం సార్," అన్నాడు. నెలన్నరకు అన్న పోయాడు. ఆఖరి రోజు దాకా వాడు నన్ను ఒక్క మాట అనలేదు, నేను ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు.

బాపు మళ్లీ క్లారినెట్ ముట్టలేదు. బ్యాండు వేరేవాళ్లు తీసుకున్నారు. ఎవరు పరామర్శకు వచ్చినా ఒకటే మాట, "నేనే వాని నోరు మూపిచ్చిన." జైనబ్ ఖాలా ఏడుస్తూ, "భాయ్, గట్లనకు, పాపం తగుల్తది," అన్నా వినేవాడు కాదు. ఒకసారి నేను అన్నం పెడుతుంటే తలెత్తి అడిగాడు. "మణీ, నువ్వు వాని దగ్గర మెదిలేదానివి. నీకేమన్న ఎర్కనా బిడ్డా?"

"లేదు బాపు," అన్నాను.

అడిగినప్పుడు చెప్పడానికి దేవుడిచ్చిన సందు అది. మళ్లీ అడగలేదు. ఆరేళ్లు బతికాడు, ఆ నిందతోనే పోయాడు.

ఇప్పుడు మా ఇంటి ముందు రోడ్డుకు పొద్దూ మాపూ లేదు. బస్సులు, ఆటోలు, పెళ్లి ఊరేగింపుల్లో లారీ ఎత్తు డబ్బాలు, ఆ దడదడకు షెల్ఫులో గ్లాసులు కదులుతాయి. ఇంట్లో ఎవరు మాట్లాడినా సగం వినపడదు. ఒక్క మనిషి మాట్లాడకపోతే ఇప్పుడైతే ఎవరికి తెలుస్తుంది? అప్పుడు తెలియాల్సింది. గల్లీ అంతా సద్దుమణిగి, పోపు కూడా మూత కింద వేగే ఇంట్లో కన్నవాడి గొంతు లేదని మాకు తెలియాల్సింది. అంత నిశ్శబ్దంలో ఉండి కూడా మేం వినలేదు.

చాయ్ పొంగి పొయ్యి మీద పడింది. నీలిమ వచ్చి పొయ్యి ఆపింది. "ఏందత్తా, గంతసేపాయె. ఏడుస్తున్నవా?"

చెప్పాను. వంటింటి గట్టుకు ఆనుకుని, డాబా నుంచి డాక్టరు దాకా అంతా. అది మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అయిపోయాక చాలాసేపు పొయ్యి మీద పడిన చాయ్ తుడిచింది. ఏమీ లేకపోయినా తుడిచింది.

"నువ్వు గప్పుడే చెప్పి ఉంటే బతికేటోడా?"

"ఏమో బిడ్డా. డాక్టర్ గట్లన్నడు."

"బిడ్డను జూడ రాలే, తాగుబోతోడు అని మా అమ్మ సచ్చేదాక తిట్టింది," అంది. "పాట అడుగుతనని రాలేదా?"

"అవ్."

అది గుడ్డ పిండి ఆరేసి బయటికి వెళ్లింది. వెనక నేనూ వెళ్లాను. కీర్తన లేచి నిలబడింది. "ఏమంటారమ్మా? మార్చాలా?"

నేను నోరు తెరిచాను. నాకన్నా ముందు నీలిమ అంది, "ఏం మార్చొద్దు మేడం. గట్లనే ఉండనీ." కాగితం తీసుకుని సంతకం పెట్టింది. ఫోను మోగితే కీర్తన వాకిట్లోకి వెళ్లింది.

"ఎందుకే? గది అబద్ధం గదా," అన్నాను.

"మా నాన్న గొంతు నాకు యాదికి లేదత్తా. ఒక్క ముక్క గూడ లేదు. అండ్ల అరుస్తుండు. మంచిగనో చెడ్డగనో, ఇనపడుతుండు."

"మరి బాపు? బాపు ఏం జేసిండే? ఒక్కనాడు చెయ్యెత్తలేదు. గా చెంపదెబ్బ ఒక్కటన్న తీసేయమను."

నీలిమ కలం మూత తీసి నా వైపు చాచింది. కోపం లేదు దాని ముఖంలో. దానికే నాకు భయమేసింది.

"తీసేసి, తప్పు ఎవరిదని పెట్టమందాం అత్తా?"

వాకిట్లో కీర్తన ఫోనులో నవ్వుతోంది. నేను కలం తీసుకున్నాను. ఆరో తరగతి దాకా నేర్చుకున్న అక్షరాలతో, మెల్లిగా, నా పేరు రాశాను.